కావలి కన్నుకు కావలి

పెద్దపల్లి నుండి గోదావరిఖనికి పోవు రాజీవ్ రహదారిపై బసంత్‌నగర్ కలదు. ఒక ప్రక్క సిమెంటు కర్మాగారము, రహదారిపై టోల్ గేటు, మరికొంత ముందుకు సాగినచో రామగుండము విద్యుత్కేంద్రము, ఆపైన సింగరేణి బొగ్గు గనులు. ఈ దారిన రేయింబవళ్లు లారీలు నడచుచునే యుండును. గనులలోను, కర్మాగారములలోను పనిచేయు కార్మికులు షిఫ్టుల ప్రకారము డ్యూటీకి పోయి వచ్చుచుందురు. ఇంటి యజమాని రాత్రి షిఫ్టునకు పోయినపుడు ఇంటిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులు మాత్రమే యుందురు. ఒక్కొక్కప్పుడు ఇంటికి తాళమే వేసియుండును. ఇట్టి ప్రాంతములో దొంగతనములను గూర్చి, రోడ్డు ప్రమాదములను గూర్చి ప్రజలకు చింత యుండుట సహజము. అందువలన కూడళ్లయందును, దుకాణములయందును, ఇండ్ల ముంగిళ్లయందును నిఘా కెమెరాలు వెలసినవి.

పూర్వము గ్రామమునకు కావలికారు ఉండెడివాడు. చేత కర్ర, లాంతరు పట్టుకొని రాత్రివేళ ఊరు చుట్టి వచ్చెడివాడు. అతడు ఎవరితో మాటలాడుచున్నాడో, ఎవరి గుమ్మమున నిలిచినాడో ఊరందరికి తెలిసియుండెడిది. నేడు స్తంభముపై నున్న కెమెరా నిదురపోదు, అలసిపోదు, నిజమే. కాని అది ఎవరితో మాటలాడుచున్నదో ఎవరికిని కనబడదు. గ్రామమును కాచుటకై మనము నిలిపిన కన్ను అపరిచితుని చేతిలో పడినచో, ఆ కన్నుతో అతడు మన గ్రామమునే చూచును. కావున కెమెరాలు కొని బిగించుటతో పంచాయతీ బాధ్యత ముగియదు. ఆ కెమెరాలకు కావలి కాయుట కూడ పంచాయతీ బాధ్యతయే. అది ఎట్లో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కెమెరాలు పల్లెకు వచ్చిన విధము

2013లో ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చర్యల అమలు చట్టము వచ్చినది. జనసమ్మర్దము గల సంస్థలు నిఘా కెమెరాలు అమర్చుకొనవలెననియు, వానిలోని చిత్రములను 30 దినములు నిలువయుంచవలెననియు ఆ చట్టము నిర్దేశించినది. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట పోలీసు శాఖవారు 'నేను సైతం' అను కార్యక్రమము క్రింద కాలనీవాసులు, వర్తకులు, గ్రామస్థులు తమంతట తాము చందాలు వేసికొని కెమెరాలు పెట్టుకొనునట్లు ప్రోత్సహించిరి. పంచాయతీలు, దాతలు, యువజన సంఘములు ముందుకు వచ్చుటచే ఈ ఉద్యమము పట్టణముల నుండి పల్లెలకు ప్రాకినది.

మొదట తీగలతో బిగించెడి కెమెరాలే యుండెడివి. ఇప్పుడు తీగ అక్కరలేని వై-ఫై కెమెరాలు చవుకగా దొరకుచున్నవి. సెల్‌ఫోను పట్టుకొని ఎక్కడనుండి యైనను తన ఇంటిని చూచుకొనవచ్చునను సౌలభ్యము వీనికి గిరాకీ తెచ్చినది. ఈ సౌలభ్యములోనే అపాయము కూడ ఇమిడి యున్నది. ఇంటి యజమాని ఎక్కడనుండి యైనను చూడగలుగు కెమెరాను, తగిన జాగ్రత్త లేనిచో, మరియొకడు కూడ ఎక్కడనుండి యైనను చూడగలడు.

తీగలేని కెమెరా పనిచేయు తీరు

పైకి చూచుటకు అది చిన్న డబ్బావలె నుండును. నిజమునకు అది ఒక కంప్యూటరు. దాని కన్ను దృశ్యమును గ్రహించును. లోపలి యంత్రము దానిని అంకెలుగా మార్చును. చిన్న రేడియో ఆ అంకెలను గాలిలో పంపును. దగ్గరనున్న రౌటరు వానిని అందుకొని అంతర్జాలమునకు చేర్చును. చిత్రములు కెమెరాలోని మెమొరీ కార్డునందు గాని, ఆఫీసులోని రికార్డరు పెట్టెయందు గాని, దూరమున నున్న కంపెనీవారి కంప్యూటర్లయందు గాని నిలువయగును. చూడదలచినవాడు తన ఫోనులోని యాప్ ద్వారా చూచును.

అనగా దృశ్యము కెమెరా నుండి మన కంటికి చేరులోపల నాలుగు తలుపులను దాటుచున్నది. కెమెరా ఒకటి, రికార్డరు రెండు, రౌటరు మూడు, ఫోనులోని ఖాతా నాలుగు. ప్రతి తలుపునకును ఒక తాళము కలదు. ఆ తాళమే పాస్‌వర్డు, అనగా రహస్యపదము. మూడు తలుపులకు గట్టి తాళములు వేసి నాలుగవ దానిని తెరచి యుంచినచో గాదె మిగులునా?

మరియొక సంగతి గమనింపవలెను. తీగలో పోవు సమాచారము తీగలోనే యుండును. గాలిలో పోవు సమాచారము ప్రహరీగోడ వద్ద ఆగదు. రౌటరు తరంగములు వీధిలోనికిని, ప్రక్క ఇంటిలోనికిని వ్యాపించును. కావున వై-ఫై తాళము బలహీనముగా నున్నచో దొంగ గోడ దూకనక్కరలేదు. గోడ అవతల కూర్చుండియే లోపలికి ప్రవేశింపగలడు.

దొంగ చొరబడు త్రోవలు

'హ్యాకింగు' అనగానే మేధావులు మాత్రమే చేయగల మాయ అని పలువురు తలంతురు. పెక్కు సందర్భములలో ఆ తలపు సరికాదు. కర్మాగారములో తయారగునపుడు వేలకొలది కెమెరాలకు ఒకే పేరు, ఒకే రహస్యపదము పెట్టుట పెక్కు కంపెనీలకు పరిపాటిగా నుండెడిది. కొన్నవారు దానిని మార్పవలెను. కాని మార్చెడివారు అరుదు. ఆ పదములు ఆయా కంపెనీల పుస్తకములలోనే అచ్చయి లోకమునకు తెలిసి యుండును. ఊరిలోని ఇండ్లన్నిటికి ఒకే తాళపుచెవి యుండి, దాని నమూనా బజారులో వ్రేలాడుచున్నట్లు!

2016లో 'మిరాయ్' అను దుష్ట ప్రోగ్రాము ఈ లోపముతోనే లోకమును గడగడలాడించినది. అది అంతర్జాలమును గాలించుచు, అందరికి తెలిసిన 60కి పైగా పేరు-రహస్యపదముల జంటలను వరుసగా ప్రయోగించి చూచెడిది. తెరచుకొన్న కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను లక్షలసంఖ్యలో వశపరచుకొన్నది. ఆ సంవత్సరము అక్టోబరు 21న ఆ యంత్రములన్నియు ఏకకాలమున అమెరికాలోని ఒక ప్రధాన అంతర్జాల సంస్థపై దండెత్తగా, ప్రసిద్ధములైన పెక్కు వెబ్‌సైట్లు గంటలకొలది స్తంభించినవి. ఆ కెమెరాల యజమానులు ఏ పాపమును ఎరుగరు. వారు పదము మార్చలేదు, అంతే.

మన దేశములోని ఉదాహరణ మరింత బాధాకరమైనది. గుజరాత్ రాష్ట్రములోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి వైద్యశాల కెమెరాలలోనికి దుండగులు చొరబడి, వైద్యపరీక్షకై వచ్చిన స్త్రీల దృశ్యములను అపహరించి, అంతర్జాలమున అమ్మకమునకు పెట్టిరి. ఈ సంగతి 2025 ఫిబ్రవరిలో వెల్లడియైనది. పోలీసులు దర్యాప్తు చేయగా, ఈ ముఠా పలు రాష్ట్రములలోని కెమెరాలలోనికి ఇదే విధముగా ప్రవేశించినట్లు తెలిసినది. అదే సంవత్సరము నవంబరులో దక్షిణ కొరియా పోలీసులు నలుగురు నిందితులను పట్టుకొన్నట్లు వెల్లడించిరి. ఇండ్లలోను, దుకాణములలోను ఉన్న లక్షా ఇరువదివేల కెమెరాలలోనికి వారు చొరబడినట్లు పోలీసులు ప్రకటించిరి. వరుస అంకెలు, ఒకే అక్షరము మరల మరల వ్రాయుట వంటి సులభమైన రహస్యపదములే వారికి దారి యిచ్చినవి.

రహస్యపదమే కాక మరికొన్ని త్రోవలు కూడ కలవు. కెమెరాలోని సాఫ్టువేరులో లోపములు బయటపడుచుండును. కంపెనీవారు వానిని సవరించి క్రొత్త ప్రతిని పంపుదురు. దానిని ఎక్కించుకొననివారి కెమెరా చిల్లుపడిన కుండయే. దూరమునుండి చూచుకొనుటకని మెకానిక్కు రౌటరులో ఒక తలుపు తెరచిపోవును. అట్లు తెరచియున్న యంత్రములను గాలించి జాబితా కట్టు సాధనములు అంతర్జాలములో ఉన్నవి. ఇంకొక త్రోవ మనుష్యుల ద్వారా వచ్చును. బిగించిన కుర్రవానికి, పాత ఉద్యోగికి, పండుగనాడు ఒకసారి చూడగోరిన మిత్రునికి చెప్పిన పదము మార్పకుండ సంవత్సరములు గడచుచుండును. కొందరు దుండగులు చొరబడక, గాలిలోని తరంగములకు అడ్డుతగిలి కెమెరాను మూగదానిగా చేయుదురు. ఇది తీగలేని కెమెరాకే ప్రత్యేకమైన బలహీనత.

గ్రామమునకు కలుగు నష్టము

'మా ఊరి కూడలిలో దాచవలసినది ఏమున్నది? ఎవరు చూచిన నేమి?' అని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నకు సమాధానము బసంత్‌నగర్ వంటి ప్రాంతములోనే చక్కగా దొరకును.

రాత్రి షిఫ్టునకు పోవు కార్మికుడు తన ఇంటి ముంగిట కెమెరా పెట్టుకొన్నాడనుకొందము. దానిని వశపరచుకొన్న దొంగ పదిదినములు చూచినచో చాలును. ఏ వారము ఏ షిఫ్టు, ఇంటివారు ఎప్పుడు ఊరికి పోవుదురు, తాళము ఎప్పుడు పడును అను వివరములన్నియు అతనికి కాలపట్టికవలె తెలియును. దొంగను పట్టుటకై పెట్టిన కెమెరా దొంగకే వేగు చెప్పును. వీధి కెమెరా ఇంటి వాకిలివైపు, బావి వైపు, చేతిపంపు వైపు తిరిగి యున్నచో స్త్రీల రాకపోకలు అపరిచితుల కంటబడును. పాఠశాల కెమెరా బాలికల దినచర్యను చూపును. ఒకసారి అంతర్జాలములోనికి పోయిన దృశ్యమును పూర్తిగా వెనుకకు తెచ్చుట ఎవరి తరమును కాదు.

మరియొక నష్టము సాక్ష్యమునకు సంబంధించినది. రహదారిపై లారీ ఒకరిని గుద్ది పోయినచో కెమెరా చిత్రమే బాధితుని కుటుంబమునకు ఆధారము. చొరబడినవాడు దానిని చెరిపివేయవచ్చును. చెరపకపోయినను, ఎవరెవరో ఆ పెట్టెను తెరచుచుండిరని తేలినచో ఆ సాక్ష్యముపై సందేహము కలుగును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము ఎలక్ట్రానిక్ రికార్డులకు ధ్రువపత్రము జతపరచవలెనని చెప్పుచున్నది. కావున పెట్టె ఎవరి స్వాధీనములో నుండెనో చెప్పగలుగుట న్యాయమునకు కూడ అవసరము.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, గోప్యత పౌరుల ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. ఆ హక్కు పట్టణవాసులకు ఎంతయో పల్లెవాసులకును అంతయే. ప్రజల దృశ్యములను సేకరించు పంచాయతీ ఆ హక్కునకు ధర్మకర్తగా నుండవలెను.

చేయవలసిన పనులు

ఈ జాగ్రత్తలలో పెక్కింటికి ధనవ్యయము లేదు. శ్రద్ధ మాత్రమే కావలెను.

1. కొనునపుడు: అతిచవుక యైన పేరులేని సరుకును కొనరాదు. 2025 ఏప్రిల్ 9 నుండి నిఘా కెమెరాలు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన భద్రతా ప్రమాణములకు లోబడి పరీక్షింపబడవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. అట్టి పరీక్షకు సంబంధించిన ధ్రువపత్రమును దుకాణదారుని అడిగి చూడవలెను. సాఫ్టువేరు సవరణలు ఎంతకాలము అందునో బిల్లుపై వ్రాయించుకొనవలెను.

2. మొదటి దినముననే: కర్మాగారము నుండి వచ్చిన రహస్యపదమును మార్పవలెను. ఈ మార్పు కెమెరాకు, రికార్డరునకు, రౌటరునకు, ఫోను ఖాతాకు వేర్వేరుగా జరుగవలెను. పదము 12 అక్షరములకు తక్కువ కారాదు. ఊరిపేరు, సర్పంచి పేరు, ఫోను నెంబరు, పుట్టినతేది పనికిరావు. ఒకదానితో ఒకటి పొంతనలేని మూడు నాలుగు మాటలను కూర్చి, నడుమ అంకెలు చేర్చినచో గుర్తుంచుకొనుట సులభము, ఊహించుట కష్టము.

3. రెండవ తాళము: ఖాతా తెరచునపుడు రహస్యపదముతోపాటు ఫోనునకు వచ్చు ఓ.టి.పి. కూడ కోరునట్లు అమర్చుకొనవలెను. పదము దొంగిలింపబడినను ఈ రెండవ తాళము అడ్డుపడును. ఓ.టి.పి.ని ఎవ్వరికిని చెప్పరాదు.

4. వై-ఫై: రౌటరులో డబ్ల్యు.పి.ఎ.3 గాని, కనీసము డబ్ల్యు.పి.ఎ.2 గాని ఎన్నుకొనవలెను. మీట నొక్కినంతనే కలుపు డబ్ల్యు.పి.ఎస్. సౌకర్యమును నిలిపివేయవలెను. కెమెరాలకు ఒక వై-ఫై, ఆఫీసునకు వచ్చిపోవువారికి వేరొక వై-ఫై ఉండవలెను. ఆఫీసు వై-ఫై పదమును గోడపై వ్రాసి పెట్టు అలవాటును మానవలెను.

5. రౌటరు తలుపులు: బయటినుండి నేరుగా కెమెరాలోనికి పోవు మార్గములను మెకానిక్కు ఎదుటనే మూయించవలెను. అవసరములేని సౌకర్యములను తీసివేయించవలెను.

6. సాఫ్టువేరు: నెలకొకసారి క్రొత్త సవరణలు వచ్చినవేమో చూచి ఎక్కించుకొనవలెను. కంపెనీవారు సవరణలు పంపుట మానివేసిన పాత కెమెరాను అంతర్జాలమునుండి విడదీయవలెను.

7. ముఖ్యస్థలములు: ఊరి ప్రవేశద్వారము, కూడలి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్ల వీలైనంతవరకు తీగతో కలిపిన కెమెరాలే మేలు. తీగలేనివి వాడినచో మెమొరీ కార్డు తప్పక యుండవలెను. తరంగములకు ఎవరైన అడ్డుతగిలినను చిత్రము కార్డులో నిలుచును. రికార్డరును తాళము వేసిన బీరువాలో, కరెంటు పోయినను కొంతసేపు నడచునట్లు బ్యాటరీతో కలిపి యుంచవలెను. బొగ్గు, సిమెంటు, రోడ్డు దుమ్ము అద్దముపై పేరుకొనునట్టి మన ప్రాంతములో వారమునకొకసారి అద్దము తుడుచుట, ఆ సందర్భముననే కెమెరా ఎటు తిరిగియున్నదో చూచుట మంచి అలవాటు.

8. చూపు దిశ: కెమెరా వీధిని చూడవలెను, ఇండ్ల లోపలిని, స్నానస్థలములను చూడరాదు. ఇండ్లవారు పడకగదులలో వై-ఫై కెమెరాలు పెట్టుకొనకుండుట శ్రేయస్కరము. లేని దృశ్యమును ఎవ్వడును దొంగిలింపలేడు.

పంచాయతీ తీర్మానము

పై పనులన్నియు ఒక వ్యక్తి ఉత్సాహముపై ఆధారపడినచో ఆతడు మారిన నాడు అన్నియు మరుగున పడును. సర్పంచి మారును, కార్యదర్శి బదిలీయగును, మెకానిక్కు వేరొక ఊరికి పోవును. కెమెరా మాత్రము పాత పదముతోనే నడచుచుండును. గ్రామములో సాధారణముగా కనబడు ప్రమాదము ఇదియే. దీనికి మందు యంత్రములో లేదు, పంచాయతీ తీర్మానములో కలదు. అట్టి తీర్మానము ఈ క్రింది విధముగా నుండవచ్చును.

"గ్రామములోని నిఘా కెమెరాలు, రికార్డరు, రౌటరు పంచాయతీ ఆస్తియై యుండును. వీని ప్రధాన రహస్యపదములు సీలువేసిన కవరులో పంచాయతీ బీరువాయందుంచబడును. చిత్రములు చూచు అధికారము పంచాయతీ పేర్కొన్న ఇద్దరికి మాత్రమే యుండును. ఒక్కొక్కరికి వేరు ఖాతా యుండును. చూచిన ప్రతి సందర్భమును తేది, వేళ, కారణముతో రిజిస్టరులో వ్రాయవలెను. పోలీసువారు గాని, కోర్టువారు గాని వ్రాతపూర్వకముగ కోరిననే చిత్రముల నకలు ఇయ్యబడును. వాట్సాప్ గ్రూపులలో చిత్రములను పెట్టుట నిషిద్ధము. కేసులకు సంబంధింపని చిత్రములు 30 దినముల పిమ్మట చెరిపివేయబడును. బాధ్యులు గాని, మెకానిక్కు గాని మారిన నాడే రహస్యపదములన్నియు మార్పబడును. ఆరు నెలలకొకసారి పరిశీలన జరిపి గ్రామసభకు నివేదింపబడును."

కెమెరాలు పోలీసు స్టేషనుతో కలుపబడి యున్నచో, వాని మరమ్మతు ఎవరిది, పదములు ఎవరి వద్ద నుండును అనునది కూడ వ్రాతలో నుంచుకొనవలెను. ఇరువురి బాధ్యత ఎవరి బాధ్యతయు కాకుండ పోవుట మనము ఎరిగినదే. కెమెరా ఉన్నచోట ఆ విషయము తెలుపు బోర్డు పెట్టవలెను. తమ దృశ్యమును ఎవరు చూచుచున్నారో తెలిసికొనుట గ్రామస్థుల హక్కు.

చొరబాటు జరిగిన పిమ్మట

కెమెరా తనంతట తాను తిరుగుట, తెలియని ఫోను నుండి ఖాతా తెరువబడినట్లు సందేశము వచ్చుట, రహస్యపదము పనిచేయకుండుట, చిత్రములు నడుమ మాయమగుట, కెమెరా నుండి అపరిచితుని మాట వినబడుట: ఇవి అనుమానింపదగిన గుర్తులు. వెంటనే రౌటరు నుండి అంతర్జాలపు తీగను ఊడదీయవలెను. కంగారుపడి కెమెరాను మొదటి స్థితికి మార్చివేయరాదు; మెమొరీ కార్డును, రికార్డరును చెరపరాదు. అవి సాక్ష్యములు. తెరపై కనబడిన సందేశములను ఫొటో తీసి, తేది, వేళ వ్రాసి యుంచవలెను. పిమ్మట స్థానిక పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయవలెను. 1930 అను నెంబరునకు ఫోను చేయవచ్చును. జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టలులోను నమోదు చేయవచ్చును. సాక్ష్యము భద్రపరచిన తరువాతనే రహస్యపదములు మార్చి యంత్రములను తిరిగి నడుపవలెను.

సమాచార సాంకేతిక చట్టము ప్రకారము అనుమతి లేక ఇతరుల కంప్యూటరులోనికి దురుద్దేశముతో చొరబడుట మూడేండ్లవరకు జైలుశిక్షకు, అయిదు లక్షలవరకు జరిమానాకు గురిచేయు నేరము. వ్యక్తుల రహస్యాంగముల దృశ్యములను వారి సమ్మతి లేక తీయుట, పంపుట వేరొక నేరము. దానికి మూడేండ్ల జైలు లేక రెండు లక్షలవరకు జరిమానా, లేక రెండును విధింపబడవచ్చును. బాధితురాలైన స్త్రీ సిగ్గుపడవలసిన పని లేదు. ఆమె పక్షమున నిలిచి స్టేషనునకు తోడు పోవుట పంచాయతీ సభ్యుల కర్తవ్యము.

ముగింపు

2024లో తెలంగాణ పోలీసు శాఖవారి 'హాక్ ఐ' యాప్ నుండి ప్రజల వివరములు అపహరింపబడినవి. రాష్ట్ర సైబర్ భద్రతా విభాగమువారు నిందితుని పట్టుకొనిరి. అది కెమెరా వ్యవహారము కాకపోయినను, సాధనసంపత్తి గల శాఖలకే ఇట్టి ముప్పు తప్పనపుడు పల్లెలు ఎంత మెలకువతో నుండవలెనో ఊహింపవచ్చును.

అట్లని కెమెరాలను చూచి భయపడ నక్కరలేదు. బావి త్రవ్వించినవారు దానికి గట్టు కట్టింతురు. గాదె నింపినవారు తాళము వేయుదురు. కెమెరా పెట్టినవారు రహస్యపదము మార్చుటయు అట్టిదే. రాబోవు పంచాయతీ సమావేశములో ప్రతి సభ్యుడును ఒక్క ప్రశ్న వేయవలెను: 'మన కెమెరాల తాళపుచెవి ఈ దినమున ఎవరెవరి చేతిలో నున్నది?' ఆ ప్రశ్నకు తడుముకొనక సమాధానము చెప్పగలిగిన గ్రామములో రాత్రి షిఫ్టునకు పోవు కార్మికుడు నిశ్చింతగా పనికి పోగలడు.